ఓటమి నెఱుగని ముష్టియోధుడు

49 పోటీలు, 49 విజయములు. రాకీ మార్సియానో పేరు వినగనే క్రీడాభిమానులకు తోచునవి ఈ అంకెలు. అంకెలు చెప్పని సంగతులును కొన్ని కలవు. మేము వానిని గూర్చియే ఎక్కువగ ముచ్చటింపదలచితిమి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున బ్రాక్టన్ పట్టణము బూట్ల తయారీకి ప్రసిద్ధి చెందినది. ఇటలీనుండి వలసవచ్చి అచటి బూట్ల కర్మాగారమున పనిచేయుచుండిన ఒక కార్మికుని కుమారుడు రాకీ. 1923 సెప్టెంబరు 1న జన్మించెను. బేస్‌బాల్ ఆటలో పైకి రావలెనని అతని కోరిక. 1947లో షికాగో కబ్స్ వారి పరీక్షకు వెళ్లెను గాని, వారు తీసికొనలేదు. ఆ తరువాతనే ముష్టియుద్ధము అతనికి పూర్తి వృత్తి యయ్యెను.

హెవీవెయిట్ యోధునకు వలసిన ఆకారము కాదది. ఎత్తు ఐదడుగుల పది అంగుళములు, బరువు సుమారు 185 పౌనులు, చేతులు పొట్టివి. శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్ ఆ పొట్టితనమును దాచ యత్నింపలేదు. ఇంకను వంగి పోరాడుమని నేర్పెను. పొడగరి ప్రత్యర్థికి అట్టివానిని కొట్టుట కష్టము.

1949 డిసెంబరు 30న న్యూయార్కులో కార్మైన్ వింగో అను యువకుడు ఇతని దెబ్బలకు కూలి, స్పృహ కోల్పోయి, ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి చేరెను. బ్రతికెను గాని మరల బరిలో దిగలేదు. 49లో అదియు ఒకటి.

1951 అక్టోబరు 26న, చిన్ననాటినుండి తాను ఆరాధించిన జో లూయీతోనే తలపడవలసివచ్చెను. లూయీకి అప్పటికి 37 ఏండ్లు. పన్నుల బాకీ తీర్చుకొనుటకై విశ్రాంతి విడిచి వచ్చినవాడు. ఎనిమిదవ రౌండులో అతడు త్రాళ్లనడుమనుండి వెలుపలికి పడిపోయెను. పోటీ ముగిసినపిదప గెలిచినవాడే కన్నీరు పెట్టుకొనెను. దీనిని అతని ఘనవిజయములలో చేర్చుటకు మాకు మనసొప్పదు.

అసలు పరీక్ష 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జరిగెను. అది అతనికి 43వ పోటీ. ప్రపంచ విజేత జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే అతనిని నేల కరపించెను. 12 రౌండ్లు ముగియునప్పటికి నిర్ణేతలు ముగ్గురి లెక్కలోను వాల్కాట్‌దే పైచేయి. పదుమూడవ రౌండులో ఒక్క పొట్టి కుడిచేతి దెబ్బతో వాల్కాట్ త్రాటి కానుకొని మెల్లగ క్రిందికి జారిపోయెను. నేడు ప్రపంచ విజేత పోటీలు 12 రౌండ్లకే ముగియును. ఆనాడును నియమము అట్లే యుండినచో 'అజేయుడు' అను మాట పుట్టియుండెడిది కాదేమో! 15 రౌండ్లని తెలిసి పోరాడినవారు వేరుగ పోరాడుదురని వాదింపవచ్చును, అదియు నిజమే.

తరువాత ఆరుమార్లు బిరుదు నిలుపుకొనెను. 1954లో ఎజర్డ్ చార్లెస్‌తో రెండవ పోటీలో ముక్కు చీలి రక్తము ధారగ కారుచుండగ, ఎనిమిదవ రౌండులో గెలిచెను. 1955 సెప్టెంబరు 21న ఆర్చీ మూర్‌తో చివరి పోరు. సరిగ 30 ఏండ్లకు, 1985లో అదే తేదీన, 48 విజయములతో వచ్చిన లారీ హోమ్స్ ఈ సంఖ్య నందుకొనబోయి మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడెను.

మార్సియానో 1956 ఏప్రిల్ 27న, 32 ఏండ్లకే విరమించెను. లూయీవలె మరల బరికి రాలేదు. 1969 ఆగస్టు 31న అయోవా రాష్ట్రమున చిన్న విమానము కూలి మరణించెను. మరునాటికి అతనికి 46 ఏండ్లు నిండవలసియుండెను.