పాంబారు మడుగులో మూపురం చేప

ఉడుమలపేటలో మూణారు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ముందు సీట్లో ఇద్దరు కంబళత్తు నాయకర్ల ఆడవాళ్ళు. చుట్టూ అంతా అరవమే అయినా, తరతరాలుగా వాళ్ళ ఇంటి మాట తెలుగే.

"ఈ ఏడు కాలవ ఎన్నాళ్ళు వదుల్తారో!"

"కొండ మీద వాన పడాల గదా వదినా."

ఆ కాలవ నీళ్ళు అమరావతి జలాశయానివి. 50 వేల ఎకరాలకు పైగా తడిపే ఆ జలాశయంలో మొసళ్ళూ బతుకుతున్నాయి, చేపలు తిని.

చిన్నార్ చెక్‌పోస్టు దగ్గర దిగండి. వర్షం అంతగా అందని ముళ్ళ అడవి, మొహాన కొట్టే వేడి గాలి. అటవీశాఖ గైడు, కొండజాతి కుర్రాడు, ఏనుగు లద్దెను కాలి వేలితో కదిపి చూస్తాడు. పాతదే. పదండి. కూట్టార్ దగ్గర చిన్నారు పాంబారులో కలుస్తుంది, ఆ నీరే కిందికి దిగి అమరావతి జలాశయం చేరుతుంది. గుండ్రాళ్ళ మీద పాదం జారుతుంది, నీళ్ళు పిక్కల దాకా చల్లగా ఎక్కుతాయి. కుర్రాడు చెయ్యి ఎత్తాడు. కదలకండి. మడుగు అంచున ఏటికి ఎదురుగా మూతులు పెట్టి నిలబడ్డ చేపలు. నారింజ రంగు రెక్క ఒకటి ఎండలో తళుక్కుమంది.

ఇదే మూపురం మహాసీర్. కావేరి సొంత చేప, 50 కిలోలు దాటి పెరగగలదు. కురుప్, రాధాకృష్ణన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పాంబారు చిన్న చేపలకే టోర్ రేమాదేవి అని పేరు పెట్టారు. కావేరిలోని ఆ మహా మత్స్యమూ ఇదే జాతి అని 2018లో తేలింది. అదే ఏడు దాన్ని అంతరించే అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. అప్పటికి కావేరిలో లోనావాలా చేపపిల్లల కేంద్రం నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహాసీర్ నిండిపోయింది. చేపపిల్లల్ని వదిలితే నది నిండుతుందనుకోవడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. వానాకాలంలో ఎదురీదే చేపకు కావలసింది పారే నీరు, గుడ్లు పెట్టుకోవడానికి శుభ్రమైన గులకనేల.

అలాంటి పారే నీటి కోసమే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సాల్మన్ చేపలకని, 2011–2014 మధ్య ఎల్వా నది మీద రెండు ఆనకట్టలు కూల్చారు.  అమరావతి ఆనకట్టను మనం కూల్చలేం, బస్సులో చూసిన ఆ ఇద్దరి ఇళ్ళ పంటా దాని మీదే. కానీ పైన కొండలున్నాయి.

మర్నాడు వట్టవడ పైన, ఆనముడి షోలా జాతీయ వనంలోని పళత్తోట్టం. ఇక్కడ చలి. తోళ్ళు పదును చేసే బెరడు కోసం నాటిన ఆస్ట్రేలియా వాటిల్ చెట్లు ఒకప్పటి గడ్డి కొండల్ని కమ్మేసి, నేలలో నీటిని పీల్చేశాయి. 2019లో కార్చిచ్చు ఆ తోటల్ని కాల్చేసింది. అటవీశాఖ మళ్ళీ వాటిల్ నాటలేదు. స్థానిక గడ్డి నారు పెంచి, ఊరివాళ్ళ చేతులతో కొండకు గడ్డి తిరిగి వేయించింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక దుబ్బు పక్కకు తీయండి. వేళ్ళ కింద మట్టి తడిగా, మెత్తగా అంటుకుంటుంది. ఆ తడే ఊటలై పాంబారుకు దిగుతుంది.

ఉడుమలపేట ఆయకట్టు రైతులు నీటి వంతులు తేల్చుకునే సమావేశానికి ఈ కొండ మీద పనిచేసిన ఒక్కరినైనా పిలవాలి. కాలవ లెక్కలో గడ్డి ఖర్చూ రాయాలి.