పందెం కోడి

పందెం కోడి అనగా కోడిపందేల కొరకు ప్రత్యేకంగా పెంచే పుంజు. సంక్రాంతి పందేలకు గోదావరి డెల్టాలో భీమవరం, మురమళ్ళ పేరు పొందినవి. ఈ పుంజులలో అసిల్ జాతి ముఖ్యమైనది. ఈకల రంగును బట్టి నల్లనిదానిని కాకి, తెల్లనిదానిని సేతువ, ఎర్రనిదానిని డేగ అంటారు.

తర్ఫీదు

చోళ్ళు, బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, వేటమాంసపు కైమా తినిపిస్తారు. నీటిలో ఈదించి, ఒళ్ళు మర్దించి దమ్ము పెంచుతారు. కత్తి లేకుండా మరొక పుంజుతో పోరాడించి చురుకుదనాన్ని పరీక్షిస్తారు. ఇందులో రాణించిన పుంజుకు ధర పెరుగుతుంది. ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం చెబుతుందని నమ్మకం. అయితే ఓడినవారు కూడా దానినే చూసుకొని వస్తారు! కాలికి కత్తి కట్టిన తరువాత నెలల తర్ఫీదు ఫలితం కొద్ది నిమిషాలలో తేలిపోతుంది. చనిపోయిన పుంజును కోజ అంటారు, దాని మాంసానికి గిరాకీ ఎక్కువ.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం (1960), రాష్ట్ర జూద నిరోధక చట్టం (1974) ప్రకారం ఈ పందేలు నేరం.