రక్తం చేయవలసిన పని ఉప్పునీరు చేసిన కథ

కుక్కకు, ఎలుగుబంటికి, చింపాంజీకి పురుషాంగంలో ఒక ఎముక ఉన్నది. వాల్రస్ అనే సముద్ర జంతువులో అది మూరెడు పైచిలుకు ఉంటుంది. మానవునికి ఆ ఎముక లేదు. మనలో ఆ పనిని రక్తమే చేయవలసి ఉన్నది. అంగం పొడవునా స్పంజి వంటి కణజాలంతో నిండిన రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటవి. నరాల ద్వారా ఆజ్ఞ అందగానే ధమనులు వ్యాకోచించి, రక్తం వాటిలోకి వేగంగా ప్రవహిస్తుంది. ఉబ్బిన కణజాలం చుట్టూ ఉన్న గట్టి పొరకు ఒత్తుకొని, రక్తం బయటికి పోయే సిరలను నొక్కివేస్తుంది. వచ్చే దారి తెరచి, పోయే దారి మూయడమే స్తంభనం.

ఈ సంగతి తెలియడానికి చాలా శతాబ్దాలు పట్టినది. గ్రీకు వైద్యుల కాలంనుండి యూరపులో ఆ అవయవం వాయువుతో నిండుతుందని నమ్ముతూ వచ్చారు. ఉరితీయబడినవారి శవాలను పరిశీలించిన లియొనార్డో డా విన్చీ, అది గాలి కాదు, రక్తమేనని తన పుస్తకంలో వ్రాసుకొన్నాడు. ఆయన జీవితకాలంలో ఆ పుస్తకాలు అచ్చు కాలేదు గనుక అది వైద్యులకు అందలేదు.

ఇంత సున్నితమైన యంత్రాంగంలో ఏ భాగం చెడినా స్తంభనం కలుగదు. మధుమేహం నరాలను, రక్తనాళాలను రెంటినీ పాడుచేస్తుంది. ధమనులు పూడుకొనిపోవచ్చును, వెన్నుపాముకు దెబ్బ తగలవచ్చును, ప్రోస్టేట్ గ్రంథిని తొలగించేటప్పుడు దాని పక్కనుండి పోయే సన్నని నరాలు తెగవచ్చును. అయినా ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాటేవరకు ఎక్కువమంది వైద్యులు ఇది మనోవ్యాధి మాత్రమేనని చెప్పి రోగులను పంపివేస్తూ వచ్చారు. మనస్సుకు ఇందులో పాలు లేదని కాదు. కాని నరం తెగినవానికి ధైర్యం చెప్పినందువల్ల ప్రయోజనమేమి? ఇటువంటివారు సిగ్గుతో నోరు విప్పక, గోడలమీద ప్రకటనలు వ్రాయించే నాటువైద్యుల పాలబడటం మన దేశంలో ఈనాటికీ చూస్తున్నదే.

శస్త్రవైద్యులు మాత్రం వేరు దారిన ఆలోచించారు. 1936లో రష్యన్ వైద్యుడు నికొలాయ్ బొగొరాజ్, అంగం పూర్తిగా పోగొట్టుకొన్నవానికి పొట్టమీది చర్మంతో కొత్త అవయవాన్ని నిర్మించి, బిగువుకోసం లోపల ప్రక్కటెముక మృదులాస్థి ముక్కను అమర్చిన విధానాన్ని ప్రకటించాడు. ట్రాము క్రింద పడి రెండు కాళ్లు పోగొట్టుకొని, కృత్రిమ పాదాలమీద నిలిచి శస్త్రచికిత్సలు చేసినవాడాయన! ప్రకృతి ఇతర జంతువులకిచ్చి మనకు ఇవ్వని ఎముకను ఒక విధంగా ఆయన మానవునికి అమర్చినాడన్న మాట. కాని ఇటువంటి మృదులాస్థిని శరీరం క్రమంగా కరగదీసివేస్తుంది. లేదా అది వంకర తిరిగిపోతుంది.

అప్పుడు శరీరం కరగించలేని పదార్థాలను వెదకడం ప్రారంభమైనది. 1952లో అమెరికాలో విల్లార్డ్ గుడ్విన్ ప్రభృతులు, కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే ఆక్రిలిక్‌తో కడ్డీలు చేసి అమర్చారు. కరగడం లేదు గాని, చర్మం క్రింద గట్టి కడ్డీ కుదురుగా ఉండక, ఒరసుకొని పుండుచేసి బయటపడేది. లోపం పదార్థంలోనే కాదు, దానికి ఎన్నుకొన్న చోటులోనూ ఉన్నది. ఈజిప్టు వైద్యుడు బెహెరి 1966లో తన అనుభవాన్ని ప్రకటిస్తూ, పాలిథిలీన్ కడ్డీలను రక్తం నిండే ఆ రెండు గొట్టాలలోనే, ఒక్కొక్కదానిలో ఒక్కొక్కటిగా అమర్చవచ్చునని చూపాడు. గొట్టం చుట్టూ ఉన్న గట్టి పొరే కడ్డీని పట్టి ఉంచుతుంది. నేటికీ అమరికలన్నీ ఆ స్థానంలోనే ఉంచుతున్నారు. ఈ చరిత్రలో ఆయనకు దక్కవలసినంత కీర్తి దక్కలేదనే చెప్పాలి.

మంచి పదార్థం వేరొక వైపునుండి వచ్చినది. 1950 దశకంలో జాన్ హోల్టర్ అనే అమెరికన్ యంత్రపనివానికి, మెదడులో నీరు నిలిచే జబ్బుతో కొడుకు పుట్టాడు. ఆ నీటిని రక్తంలోకి మళ్లించడానికి ఆయన సిలికోన్ రబ్బరుతో ఒక చిన్న కవాటాన్ని చేశాడు. సిలికోన్‌ను శరీరం చాలావరకు సహిస్తుందని వైద్యులకు నమ్మకం కలగడానికి ఇటువంటి ప్రయోగాలు తోడ్పడినవి. 1975లో మయామీ వైద్యులు స్మాల్, కారియన్ వర్ణించిన జంట సిలికోన్ కడ్డీలు చాలా వాడుకలోకి వచ్చినవి. అయితే కడ్డీ ఎప్పుడూ కడ్డీయే. అది బట్టలక్రింద దాగదు. స్తంభనం పోవడమన్నది దానికి తెలియదు.

ఆ రెండవ సగాన్ని సాధించినది 1973లో ప్రకటితమైన పరికరం. హూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలకు చెందిన బ్రాంట్లీ స్కాట్, మిన్నెసోటాకు చెందిన నరాల వైద్యుడు విలియం బ్రాడ్లీ, ఇంజనీరు జెరాల్డ్ టిమ్ దాని నిర్మాతలు. అంగంలో రెండు సిలికోన్ గొట్టాలు, పొత్తికడుపులో ఉప్పునీటి తిత్తి, వృషణాల సంచిలో చేతికందేటట్లు పంపు - ఇవీ భాగాలు. మొదటి నమూనాలో నింపడానికి ఒకటి, ఖాళీచేయడానికి మరొకటిగా రెండు పంపులుండేవి. తరువాత ఒక్కటే చాలినది. పంపును నొక్కినప్పుడల్లా ఏకదిశా కవాటం గుండా కొంత నీరు తిత్తినుండి గొట్టాలలోకి పోతుంది. మెత్తగా వాలి ఉండే సైకిలు ట్యూబు గాలి కొట్టగా బిగుసుకొన్నట్లే ఇవీ బిగుసుకొంటవి. అయితే గాలి నొక్కితే కుదించుకొనిపోతుంది, నీరు పోదు. పాస్కల్ సూత్రం ప్రకారం దాని ఒత్తిడి అన్ని దిక్కులా సమానంగా పనిచేస్తుంది. నీటిలో ఉప్పు 0.9 శాతమే. ఒకవేళ కారినా రక్తంతో సరిపోయే గాఢత గనుక శరీరం నిరపాయంగా పీల్చుకొంటుంది.

కారడం ఎక్కువగానే జరిగినది. గొట్టాలు మడతపడటం, ఒకచోట బుడగవలె ఉబ్బడం తొలి సంవత్సరాలలో పలువురిని మళ్లీ శస్త్రచికిత్సకు తెచ్చినవి. అంతకంటె పెద్ద శత్రువు సూక్ష్మజీవులు. చర్మంమీద మామూలుగా నివసించే బాక్టీరియా సిలికోన్‌పైకి చేరితే జిగురు పొర కట్టుకొని దాగుతుంది. మందు దానిని సరిగా చేరలేదు. అప్పుడు పరికరాన్ని తీసివేయడం తప్ప గత్యంతరం అరుదు. 2001లో రిఫాంపిసిన్, మినోసైక్లిన్ మందులు పూసిన పరికరాలు వచ్చిన తరువాత ఈ బాధ బాగా తగ్గినది.

అమరిక లోపలి స్పంజి కణజాలాన్ని పక్కకు నెట్టివేస్తుంది. సహజ స్తంభనం మళ్లీ ఆశించడానికి వీలుండదు. అందుచేత 1998లో సిల్డెనఫిల్ మాత్ర వచ్చిన నాటినుండి మాత్రలు, సూదిమందులు పనిచేయనివారికే ఈ చికిత్స మిగిలినది. చర్మపు స్పర్శజ్ఞానం, వీర్యం ఈ పరికరంవల్ల మారవు; అవి దాని ఆధీనంలోనివి కావు.

మధుమేహ రోగులు పది కోట్లకు పైబడిన మన దేశంలో దీని అవసరం తక్కువది కాదు, కాని పంపు గల పరికరం ఖరీదైనది. ముంబయి వైద్యుడు రూపిన్ షా చౌకగా ఉండేటట్లు ఒక వంగే సిలికోన్ కడ్డీని రూపొందించాడు. పైన తొడుగులు ఉంటవి. శస్త్రచికిత్స బల్లమీదనే వాటిని ఒలిచి, రోగి కొలతకు తగ్గట్లు లావు తగ్గించుకోవచ్చును. పంపు, కవాటాలు లేవు గనుక కారే భయమూ లేదు.