పుట్టుకతో వచ్చి, పెద్దయ్యాక బయటపడే హెర్నియా

ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుగా ఉండే కండరపు పొర డయాఫ్రమ్. పిండం ఎదిగే ఎనిమిదో వారానికల్లా అది పూర్తిగా మూసుకోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే జీర్ణాశయం, పేగులు, ప్లీహం పైకి ఎగబాకవచ్చు. ఈ హెర్నియాను పసికందుల జబ్బుగానే అందరూ ఎరుగుదురు. కానీ వైద్య గ్రంథాల్లో మొదట నమోదైన రోగి 24 ఏళ్ల మనిషి! ఫ్రెంచి వైద్యుడు లాజార్ రివియేర్ శవపరీక్షలో చూసిన ఆ సంగతి 1679లో వెలుగులోకి వచ్చింది. పుట్టుకతోనే ఉన్న లోపం అన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు.

1761లో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు మోర్గాన్యీ డయాఫ్రమ్‌లో రొమ్ము ఎముక వెనక ఉండే సందును వర్ణించాడు. 1848లో ప్రాగ్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు బోహ్డాలెక్ వెనకవైపు సందును వివరించాడు. అది ఎలా ఏర్పడుతుందన్న విషయంలో ఆయన ఊహ తప్పింది, పేరు మాత్రం నిలిచింది. 1902లో జర్మన్ సర్జన్ హైడెన్‌హైన్ 9 ఏళ్ల బాలుడికి ఆపరేషన్ చేసి బతికించాడు. 1946లో బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ పుట్టి ఒక రోజైనా నిండని శిశువుకు చేసిన శస్త్రచికిత్స ఫలించింది. అప్పటినుంచి వైద్యుల చూపంతా పసివాళ్ల మీదే. అది న్యాయమే. అయితే పెద్దల సంగతి మరుగున పడిపోయింది.

దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది సీటీ స్కాన్. వేరే జబ్బు కోసం తీసిన స్కాన్‌లో బోహ్డాలెక్ చెప్పిన వెనకవైపు సందు అనుకోకుండా కనబడసాగింది. 1985 నాటి ఒక పరిశీలన నూటికి ఆరుగురిలో ఉందంది. 2001లో 13,138 స్కాన్‌లు వెతికితే 22 మందిలోనే దొరికింది. తేడా లెక్కించే తీరులో ఉండొచ్చు: కాస్త కొవ్వు మాత్రమే తొంగిచూసే సందును కూడా లెక్కేస్తే సంఖ్య పెరగక తప్పదు.

నా భయమంతా ఎక్స్‌రే దగ్గరే. ఛాతీలోకి వచ్చిన జీర్ణాశయం గాలితో ఉబ్బితే, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టే కనిపిస్తుంది. ఆ గాలి తీయాలని తొందరపడి ఛాతీలోకి గొట్టం దించితే జీర్ణాశయానికే చిల్లు పడవచ్చు. అలా జరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. గర్భం, విడవని దగ్గు, బరువులెత్తడం పొట్టలో ఒత్తిడి పెంచుతాయి. అన్నాళ్లూ ఊరకున్న పేగు అప్పుడు సందులో బిగుసుకుని, రక్తం అందక కుళ్లవచ్చు.

అందుకే అవయవాలు పైకి చేరాయని తేలితే, బాధ తక్కువున్నా సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు. వాటిని కిందికి దించి, సందును కుట్టేస్తారు. సందు పెద్దదైతే మెష్ (వల లాంటి అతుకు) వేస్తారు. 1990ల నుంచి చాలామందికి ఇది లాపరోస్కోపీతోనే, చిన్న గాట్లతో అయిపోతోంది.