జ్ఞానదంతం తొలగింపు

దవడ చివర సాధారణంగా 17–25 ఏళ్ల మధ్య వచ్చే మూడో దవడ పన్నే జ్ఞానదంతం. కొందరికి అసలు రాదు. చోటు చాలక ఎముకలోనో చిగురు కిందో వంకరగా ఇరుక్కుంటే నొప్పి, చీము, పక్క పన్ను పుచ్చడం వంటి బాధలు వస్తాయి. బాధ పెట్టని, జబ్బు లేని పన్నును సాధారణంగా తీయనక్కర్లేదు.

చికిత్స: ఎక్స్‌రేలో వేర్లు, కింది దవడ నరం ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తారు. మత్తు సూది వేసి, అవసరమైతే చిగురు కోసి, పన్నును ముక్కలుగా తీసి కుట్లు వేస్తారు.

కోలుకోవడం: దూదిగుడ్డను అరగంటకు పైగా కొరికి పట్టాలి. వాపు 2–3 రోజులకు పెరిగి తర్వాత తగ్గుతుంది. మొదటిరోజు పుక్కిలించకూడదు, మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు మంచివి. చల్లారిన రాగిజావ, మజ్జిగన్నం తినవచ్చు. జొన్నరొట్టె కొన్నాళ్లు ఆపాలి. బీడీ, చుట్ట తాగితే గుంటలోని రక్తపుగడ్డ ఊడి, 3–5 రోజులకు తీవ్రమైన పోటు మొదలయ్యే ప్రమాదం ఉంది.

పూర్వపు ప్రకాశం జిల్లా పశ్చిమాన: బేస్తవారిపేట, మార్కాపురం, కనిగిరి ప్రాంతంలో పళ్ల గార అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఆ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను దేశంలో మనుషుల్లో 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో తొలిసారి నమోదు చేశారు. దాని వల్ల పళ్లకు పట్టే గార పంటిపై ఎనామెల్ జబ్బు. జ్ఞానదంతం ఇరుక్కోవడం వేరు. జ్ఞానదంతం వల్ల గానీ, దాన్ని తీశాక గానీ జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే వెంటనే దంతవైద్యుడిని కలవాలి.