ఎయిర్ మైల్స్: కష్టపడి కూడబెట్టిన పాయింట్ల విలువ రాత్రికి రాత్రే తగ్గితే? రూల్స్ మారిన ప్రతిసారీ ప్రయాణికులు ఏం చేస్తున్నారంటే..

పినపాక నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. మణుగూరు వచ్చి, అక్కడ రైలో బస్సో పట్టుకుని హైదరాబాద్ చేరితేగానీ విమానం ఎక్కలేరు. అయినా ఇలాంటి ఊళ్ల నుంచి కూడా చదువుకని, కొలువుకని అమెరికా, గల్ఫ్ వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలూ ఉన్నారు. ఒక్కో ట్రిప్పుకు కొన్ని పాయింట్లు జమవుతాయి. ఏదో ఒక రోజు వాటితో ఫ్రీ టికెట్ వస్తుందని, లేదంటే ఆవకాయ జాడీలకు సరిపడా ఎక్స్‌ట్రా లగేజీ అయినా దొరుకుతుందని ఆశ. ఇంతలో ఎయిర్‌లైన్ నుంచి ఓ మెయిల్.. 'మా ప్రోగ్రామ్‌ను మార్చాం' అని. ఇంతకీ ఏం మారుతోంది? తరచూ విమానాలెక్కేవాళ్లు ఎందుకు మండిపడుతున్నారు?

అసలు ఎప్పుడు మొదలైంది?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న 'ఏఅడ్వాంటేజ్' పేరుతో పాయింట్ల పథకం తెచ్చింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది. లెక్క సింపుల్. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైల్స్ ఖాతాలో పడతాయి. ఎక్కువ తిరిగితే సిల్వర్, గోల్డ్ లాంటి హోదాలు. ఆ హోదాతో లాంజ్, ముందుగా బోర్డింగ్, అదనపు లగేజీ.

ఇప్పుడేం మారింది?

కొన్నేళ్లుగా చాలా ఎయిర్‌లైన్స్ దూరం లెక్క పక్కనపెట్టి డబ్బు లెక్క పట్టుకున్నాయి. ఎంత దూరం ఎగిరారు అన్నది కాదు, టికెట్‌కు ఎంత పెట్టారు అన్నదే ముఖ్యం.

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒకే విమానంలో ఇద్దరు వెళ్లారనుకుందాం. ఒకరు మూడు నెలల ముందే చవగ్గా టికెట్ కొనుక్కున్న కార్మికుడు. మరొకరు కంపెనీ డబ్బుతో చివరి నిమిషంలో డబుల్ రేటుకు బుక్ చేసిన ఆఫీసర్. పాత దూరం లెక్కలో ఇద్దరూ ఎగిరింది ఒకే దూరం. కొత్త లెక్కలో ఆఫీసర్‌కు రెట్టింపు పాయింట్లు. అంటే రూపాయి రూపాయి చూసుకుని టికెట్ కొనేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. గల్ఫ్ కార్మికులు, స్టూడెంట్లు, వాళ్ల తల్లిదండ్రులు దాదాపు ఈ కోవలోకే వస్తారు.

మన దగ్గర ఏం జరిగింది?

ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్‌లో తన 'ఫ్లయింగ్ రిటర్న్స్'ను ఖర్చు ఆధారిత పద్ధతిలోకి మార్చింది. అదే ఏడాది నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున కొత్త 'మహారాజా క్లబ్'లోకి వచ్చాయి. సంఖ్య తగ్గలేదు కదా అనిపిస్తుంది. కానీ పాయింట్ల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. ఒక టికెట్‌కు ఎన్ని పాయింట్లు అడుగుతున్నారన్నదే అసలు విలువ. 2006 నుంచి ఎగురుతున్న ఇండిగో మాత్రం 2024లోగానీ 'బ్లూచిప్' పేరుతో పాయింట్ల పథకం తేలేదు.

అంతకుముందు అనుభవాలు ఇంకా చేదు. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. 'కింగ్ క్లబ్' పాయింట్లు దాచుకున్నవాళ్లకు అవి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు మాత్రం కథ వేరు. జెట్‌ప్రివిలేజ్ విడిగా ఓ కంపెనీగా నడుస్తుండటంతో మైల్స్ బతికాయి. అదే ఏడాది నవంబర్‌లో అది 'ఇంటర్‌మైల్స్'గా పేరు మార్చుకుంది.

ప్రయాణికుల రియాక్షన్ ఎలా ఉంటోంది?

దేశమేదైనా సీన్ ఇంచుమించు ఒకటే.

* ముందు కోపం. సోషల్ మీడియాలో పోస్టులు, కస్టమర్ కేర్‌కు ఫిర్యాదులు.
* తర్వాత తొందర. కొత్త రూల్స్ వచ్చేలోపు ఉన్న పాయింట్లన్నీ ఖర్చు చేసేయడం.
* ఆపై వలస. తన హోదా కార్డు చూపించి మరో ఎయిర్‌లైన్‌లో అదే హోదా అడగడం. దీన్నే 'స్టేటస్ మ్యాచ్' అంటారు.
* చివరికి విరక్తి. ఏ కంపెనీ అయితే ఏంటి, ఎందులో చవకైతే అందులోనే టికెట్ కొనడం.

కోపానికి కంపెనీ దిగొస్తుందా?

కొన్నిసార్లు దిగొస్తుంది. 2023 సెప్టెంబర్‌లో డెల్టా తన అత్యున్నత డైమండ్ హోదాకు ఏడాదికి 35,000 డాలర్ల లెక్క చూపించాలంది. లాంజ్‌ల వాడకంపైనా కోత పెట్టింది. ప్రయాణికులు భగ్గుమన్నారు. అదే అదనుగా జెట్‌బ్లూ, అలాస్కా ఎయిర్‌లైన్స్ డెల్టా కస్టమర్లకు స్టేటస్ మ్యాచ్ ఆఫర్లు ఇచ్చాయి. కొద్ది రోజులకే తాము మరీ దూరం వెళ్లామని డెల్టా సీఈవో ఎడ్ బాస్టియన్ ఒప్పుకున్నారు. అక్టోబర్‌లో ఆ లెక్కను 28,000 డాలర్లకు తగ్గించారు. అంటే కాస్త సడలించారంతే, పాత పద్ధతి మాత్రం తిరిగి రాలేదు.

హైదరాబాద్ నుంచి లండన్ విమానం నడిపే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌దీ అదే కథ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఖర్చు లెక్క అమల్లోకి తెచ్చింది. గోల్డ్ హోదాకు 20,000 పాయింట్లు పెట్టింది. విమర్శలు పెరగడంతో ఏడాదికి 50 విమానాలెక్కితే సిల్వర్ ఇచ్చే దారి కూడా తెరిచింది.

కోర్టుకు వెళ్తే?

నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ తనను ప్రోగ్రామ్ నుంచి తీసేసిందంటూ ఓ ప్రయాణికుడు వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 ఏప్రిల్‌లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఎయిర్‌లైన్ వైపే నిలిచారు. చేరేటప్పుడు మనం చదవకుండా ఓకే కొట్టే షరతుల్లో 'ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది' అనే లైను సాధారణంగా ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో మాత్రం అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద ఎయిర్‌లైన్స్ పాయింట్ల పథకాలపై ఆరా మొదలుపెట్టింది.

కంపెనీలు వీటిని ఎందుకు వదులుకోవు?

బ్యాంకులు తమ క్రెడిట్ కార్డుల కోసం ఎయిర్‌లైన్స్ నుంచి పాయింట్లను డబ్బిచ్చి కొంటాయి. విమానం ఎగరకపోయినా ఆ ఆదాయం వస్తుంది. కరోనా టైమ్‌లో, 2020లో, డెల్టా తన స్కైమైల్స్ ప్రోగ్రామ్‌నే తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది.

మరి మీరేం చేయాలి?

రెండేళ్లకో మూడేళ్లకో ఓసారి ఎగిరే కుటుంబాలు హోదాల వెంట పడకపోవడమే మేలు. పాయింట్ల కోసం ఖరీదైన టికెట్ కొంటే అది లాభం కాదు, నష్టమే.

గడువు తేదీ ముందు చూసుకోండి. ఎమిరేట్స్ స్కైవార్డ్స్ మైల్స్‌కు సాధారణంగా మూడేళ్ల గడువే ఉంటుంది. ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో రూల్.

ఫ్రీ టికెట్ అన్నా ట్యాక్సులు, సర్‌ఛార్జీలు చాలావరకు చేతి నుంచే కట్టాలి. ఆ మొత్తం చూశాకే పాయింట్లు వాడండి. టికెట్ బుక్ చేసేటప్పుడే మెంబర్‌షిప్ నంబర్ ఇవ్వండి. ఏజెంట్ దగ్గర కొన్నా సరే, అడిగి మరీ వేయించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం.. పాయింట్లు బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు. దాచుకున్నకొద్దీ వడ్డీ పెరగదు. రూల్ మారితే విలువ తగ్గుతుంది. అందుకే టికెట్‌కు సరిపడా రాగానే వాడేసుకోండి.