షహానియా బయలున యంత్రపు రౌతులు

దోహా నగరమునకు పడమట, దుఖాన్‌కు పోవు రాజమార్గమున, ఇరువది కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున అల్ షహానియా అను పట్టణము కలదు. చలికాలము ప్రవేశించినది మొదలు ఎండలు ముదురువరకు అచ్చటి బయలున ఒంటెల పందెములు జరుగుచుండును. కొన్ని కిలోమీటర్ల పర్యంతము సాగు ఆ పరుగులో ఒంటె వీపుననుండి కొరడా ఝళిపించునది రెండు మూడు కిలోల బరువుగల చిన్న యంత్రము. బాట ప్రక్కనే మోటారుబండ్లలో వెంబడించు యజమానులు చేతిలోని రేడియో మీటను నొక్కి ఆ కొరడాను త్రిప్పుదురు.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది. పూర్వము అరబ్బు తెగలవారికి ఒంటె పరుగు పెండ్లిండ్లలోను పండుగలలోను జరుగు వినోదమాత్రము. చమురు సిరి వచ్చిన పిదప అది ప్రత్యేకమైన బాటలతోను గొప్ప బహుమానములతోను కూడిన వ్యవస్థగా మారినది. రౌతు ఎంత తేలికయైన ఒంటె అంత వడిగా పరుగెత్తును గనుక, పాకిస్తాను, బంగ్లాదేశము, సూడాను మొదలగు దేశములనుండి పసివాండ్రను దెచ్చి, బరువు పెరుగకుండుటకై అర్ధాకలితో నుంచి, ఒంటెలపై నెక్కించి పరుగెత్తించు దురాచారము గల్ఫు దేశములలో వ్యాపించెను. క్రిందబడి కాలుసేతులు విఱిగినవారును, ప్రాణములు కోల్పోయినవారును ఉండిరి. మానవహక్కుల సంఘములు సాగించిన ఆందోళన ఫలముగా, 2005లో సంయుక్త అరబ్బు ఎమిరేట్ల ప్రభుత్వము యూనిసెఫ్‌తో ఒడంబడిక చేసికొని, వేయిమందికి పైగా బాలురను స్వదేశములకు పంపుటకు పూనుకొనెను. ఖతార్ ప్రభుత్వమును అదే సంవత్సరమున 22వ సంఖ్యగల చట్టముచే, 18 ఏండ్లు నిండనివారిని ఒంటె పందెములలో నియోగించుటను నిషేధించెను.

చట్టము వచ్చినది, కాని వేడుక నిలువవలెనన్నచో పిల్లవాని స్థానమున మఱియొక రౌతు కావలసియుండెను. విశ్వవిద్యాలయములలో పరిశోధనకు పనికివచ్చు ‘ఖెపెరా’ అను చిన్న రోబోలను నిర్మించి పేరొందిన కె-టీమ్ అను స్విట్జర్లాండు సంస్థ ఖతార్ కొఱకు ఆ పనికి పూనుకొనెను. 2005 జూలైలో యంత్రపు రౌతులు షహానియాలో బహిరంగముగా పందెమున పాల్గొనినవి. ఒంటెలు బెదరకుండుటకై వానికి మనుష్యుని పోలిక గల ముఖమును, టోపీని, రంగుచొక్కాను అమర్చిరి. యంత్రము చెప్పినట్లు పనిచేసినది; అయితే బరువు సుమారు 15 కిలోలు, వెల సుమారు 5,500 డాలర్లు, అనగా ఖతార్ నాణెమున 20,000 రియాళ్లు.

వెలకన్న విడిభాగము పెద్ద చిక్కు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తు ఒంటె వీపున, ఇసుక దుమారములో కుదుపులు తినుచుండు ఏ యంత్రమైనను చిరకాలము చెడక నిలుచుట అసంభవము. రేపటి ప్రొద్దున పందెమనగా నేటి సాయంత్రము చక్రపు పన్ను విఱిగినచో, సముద్రముల కావలి కర్మాగారమునకు వర్తమానము పంపి, సుంకపు కార్యాలయము దాటించి దానిని తెప్పించుకొనునంతలో పందెపు దినము కడచిపోవును. రేడియో బొమ్మకారులు నడుపు వేడుకకాండ్రకు ఈ యాతన చిరపరిచితము: కారును అమ్మునాడు నవ్వుచు మాటాడిన వర్తకుడు, ఐదు రూపాయల పినియను గేరు కావలెనని పోయినచో సరకు లేదనును, లేదా ఒకటడిగిన వేఱొకటి పంపును, అటుపిమ్మట పలుకనే పలుకడు. 1976లో జపానుదేశపు తమియా సంస్థ తన తొలి రేడియో కారును విడి తునుకలుగా పెట్టెలో నమ్మి, కొన్నవాడే బిగించుకొనునట్లు చేసెను. తన చేతితో బిగించినవానికి ఏ తునుక ఎచ్చట నుండునో తెలియును గనుక, అది దొరికినచో మరమ్మతును తానే చేసికొనగలడు.

షహానియా బజారునందలి పనివారు ఈ రహస్యమును త్వరలోనే కనిపెట్టిరి. దక్షిణాసియానుండియు సూడానునుండియు పొట్టకూటికై వచ్చిన ఆ శ్రామికులు, వడ్రంగులు వాడు బ్యాటరీ డ్రిల్లును తీసికొని, దాని మొనకు కొరడాను తగిలించి, కారు తలుపులను దూరమునుండి తెఱచు తాళపు మీటను దానికి జోడించి, యజమాని కంఠస్వరము ఒంటె చెవిని బడునట్లు వాకీటాకీని అమర్చి, తేలికయైన కొత్త రౌతును సృష్టించిరి. అనేక యంత్రములు ఒక్కసారి బయలుదేరు పందెమున ఒకని మీట మఱియొకని కొరడాను త్రిప్పకుండుటకు తాళపు మీటలోని సంకేతమే చాలినది. డ్రిల్లు కాలిపోయినచో దోహాలోని పనిముట్ల దుకాణమున మఱియొకటి దొరకును. పట్టీ తెగినచో బజారులోనే కుట్టింతురు. వెలయు మొదటి దానిలో స్వల్పభాగమే. కొలది సంవత్సరములలోనే ఈ నాటు రౌతు విదేశపు రౌతు స్థానము నాక్రమించెను. దానిని చేయుటయు బాగుచేయుటయు ఒక వృత్తిగా స్థిరపడెను.

కరీంనగరము, నిజామాబాదు, కడప జిల్లాలనుండి గల్ఫునకు పోయి ఒంటెలు మేపి వచ్చినవారు మనలోను కలరు గనుక, ఆ బయలు మన కంతగా పరాయిది గాదు. దాని చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. పిల్లలను ఒంటెలపైనుండి దింపినది చట్టమే. కాని యంత్రము చెడిన ప్రతిసారియు దానిని పందెమునాటికి బాగుచేసి యిచ్చు పనివాడు లేకున్నచో, ఆ చట్టమును దాటవలెనను దురాశ ఎందఱిలో మరల తలయెత్తియుండెడిదో! కావున యంత్రములమ్ము వర్తకులారా, అది ఒంటె నెక్కునదైనను, పిల్లవాని చేతిలోని బొమ్మకారైనను, విడిభాగమును అంగడిలో నిలువయుంచుడు; అడుగవచ్చినవానికి సమాధానము చెప్పుడు. అంతటి ఓపిక లేనిచో అమ్మకమునకే పూనుకొనకుడు.